లొ, ల, లె, సె: స్పానిష్‌లో ఇవి సమయానికి నోట్లోకి రావాలంటే ఏం చేశారు?

గ్వాదలహారా_గోపి
మెక్సికో వచ్చి ఏడు నెలలైంది. ఆఫీసులో ఇంగ్లీషుతో నడిచిపోతుంది కానీ బయట అడుగు పెడితే అంతా స్పానిషే. కూరగాయలు బేరమాడతా, టాక్సీ మాట్లాడుకుంటా, జరిగిపోయిన సంగతులు జరగబోయే సంగతులు కూడా తడుముకోకుండా చెప్తా. 'అతన్ని, ఆమెని, దాన్ని' అనే లొ (పుంలింగం), ల (స్త్రీలింగం), 'అతనికి, ఆమెకి' అనే లె, సె, ఈ చిన్న మాటల దగ్గరికొచ్చేసరికి మాత్రం నాలుక మడతపడిపోతోంది.

మొన్నటి సంగతి చెప్తా వినండి. మా ఇంటి ఓనరు పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటాయి. నీళ్ళ మోటారు బాగుచేసే అతను వస్తే మేడ మీద గది తాళంచెవులు నేనే అతనికిచ్చా. సాయంత్రం ఆవిడ వచ్చి "ఇ లస్ యావెస్?" అంది, మరి తాళంచెవులో అని. నేను ధీమాగా "లె ది అల్ సెన్యోర్" అన్నా, ఆయనకి ఇచ్చేశానండీ అన్న లెక్కలో. ఆవిడ నా వంక చూసి "కే లె దియో?" అంది. ఏం ఇచ్చావు అని! తాళంచెవుల మాట ఎత్తిందే ఆవిడ కదా. కాసేపు ఆలోచించి లె కి 'వాటిని' అనే లస్ తగిలించి "లె లస్ ది" అన్నా, అతనికి వాటిని ఇచ్చా అని. ఆవిడ నా భుజం మీద చెయ్యేసి "సె లస్ ది, మీహొ (నాయనా). సె లస్ ది" అని రెండుసార్లు చెప్పింది, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

పట్టికలన్నీ కంఠతా వచ్చు నాకు. రాయమంటే తప్పు లేకుండా రాస్తా. మాట్లాడేటప్పుడే రావు. మీకెలా వచ్చాయో, ఎన్నాళ్ళకి వచ్చాయో చెప్పండి ప్లీజ్. చాలా టెన్షన్‌గా ఉంది, ఎందుకంటే ప్రతి రెండో వాక్యంలోనూ ఇవే.

తెనాలి_తేజ
నాదీ అదే బాధ అన్నా. స్పానిష్ ఎంత వచ్చో చూసే డెలె పరీక్షలో మధ్య స్థాయి, బీ1 కి కట్టా. రాత పేపరు ఫర్వాలేదు, మాట్లాడే భాగం తలచుకుంటేనే భయం. ఫాలో అవుతున్నా.

పంతులమ్మ_తార్నాక
గోపీ, మీరు చెప్పిన ఆ ఒక్క సంఘటనలో రెండు వేరువేరు తప్పులున్నాయి. వాటిని విడదీసి చూస్తే సగం బరువు తగ్గుతుంది.

మొదటిది, "లె ది అల్ సెన్యోర్". ఇది పట్టిక రాకపోవడం వల్ల వచ్చింది కాదు, తెలుగు అలవాటు. మనం తెలిసిన వస్తువుని మళ్ళీ ఎత్తం. "పాలు తెచ్చావా?" "తెచ్చా." "సినిమా చూశావా?" "చూశా." అందులో 'దాన్ని' అని ఎవరైనా అంటే పుస్తకం చదువుతున్నట్టుంటుంది. స్పానిష్‌లో ఆ 'దాన్ని' మింగేస్తే వాక్యానికి కాలు విరిగినట్టే. "కొంప్రాస్తె ల లేచె?", ఆ పాలు కొన్నావా అంటే "సీ, ల కొంప్రే" అనాలి. ఉత్త "సీ, కొంప్రే" అంటే ఏం కొన్నావని ఎదురు చూస్తారు. నేను ఇరవై ఏళ్ళుగా స్పానిష్ చెప్తున్నాను. మన పిల్లలు లొ బదులు ల పెట్టి చేసే తప్పులకన్నా అసలేమీ పెట్టకుండా వదిలేసే తప్పులే ఎక్కువ చూశాను.

ఒక్క మినహాయింపు ఉంది. ఫలానా పాలు అని కాకుండా "కొంప్రాస్తె లేచె?", పాలేమైనా కొన్నావా అని అడిగితే అప్పుడు "సీ, కొంప్రే" సరిపోతుంది. వాళ్ళ ప్రశ్నలో వస్తువు పేరు ముందు, ఇంగ్లీషు 'ద' లాగా, ఎల్, ల, లొస్, లస్ ఉన్నాయా అన్నది చెవిన వేసుకోండి. ఉంటే మీ జవాబులోనూ లొ, ల, లొస్, లస్ లో ఏదో ఒకటి ఉండాలి.

రెండోది ఆ సె. లె గానీ లెస్ గానీ లొ, ల, లొస్, లస్ పక్కకి వస్తే సె అయిపోతుంది. స్పానిష్‌లో 'తనని తాను' అనడానికి ఇంకో సె ఉంది, అద్దంలో తనని తాను చూసుకుంది అన్నప్పుడు వచ్చేది. ఇది ఆ సె కాదు, రూపం మాత్రమే ఒకటి. లాటిన్‌లో 'వాడికి దాన్ని' అనే రెండు మాటలు ఇల్లీ ఇల్లుమ్. అవి కరిగి పాత స్పానిష్‌లో 'ఝెలొ' లాంటి ఉచ్చారణతో ఒక్క ముద్దయ్యాయి. కాలక్రమంలో ఆ ఝ ధ్వని సె దగ్గరకి జరిగి ఇప్పటి సె లొ లో కలిసిపోయింది. అంటే మీ ఓనరమ్మ నోట్లో ఉన్న సె వేరే ఇంటి నుంచి వచ్చింది కాదు, పాత లె యే వేషం మార్చుకుని నిలబడింది. ఈ కథ తెలిశాక నా విద్యార్థులు లె లొ అనడం బాగా తగ్గింది.

గ్వాదలహారా_గోపి
టీచర్ గారూ, ఏడు నెలల్లో ఈ 'వదిలేయడం' గురించి నాకెవరూ చెప్పలేదు. ఇందాకే మావాళ్ళతో చేసిన చాట్ తీసి చూశా. నిజం. సగం చోట్ల లొ లేదు.

ఆస్టిన్_నాన్న
మా అమ్మాయి హైస్కూల్లో రెండో ఏడాది స్పానిష్. క్లాసులో ఇంగ్లీషు మీదుగా చెప్తారు కదా, "గివ్ ఇట్ టు మీ" అని మొదలుపెట్టి మాటలన్నీ తలకిందులు చేసుకుంటూ ఏడుపు మొహం పెట్టింది. ఇంట్లో మా అమ్మ ఉంది, పదో తరగతి దాకా చదివింది, స్పానిష్ ముక్క రాదు. పిల్ల గట్టిగా చదువుతుంటే విని "మె లొ దియో అంటే ఏంటే?" అంది. మె అంటే నాకు, లొ అంటే అది, దియో అంటే ఇచ్చాడు అని చెప్పింది పిల్ల. "నాకు అది ఇచ్చాడు. మరి మనలాగే ఉందిగా, దీనికి ఏడుపెందుకు?" అంది మా అమ్మ.

ఆ రోజు నుంచి అమ్మాయి తెలుగులో అనుకుని స్పానిష్‌లో అంటోంది. తె లొ మాందొ, నీకు అది పంపుతా. నొస్ లొ దీహొ, మాకు అది చెప్పాడు. మనిషి ముందు, వస్తువు తర్వాత, క్రియ చివర. అచ్చంగా మన వరసే. ఇంగ్లీషు మధ్యలో దూరకపోతే మనకిది సులువు.

తెనాలి_తేజ
అన్నా, మీ అమ్మగారికి దండం. పది వీడియోలు చూసినా ఎక్కనిది ఎక్కింది.

హోలా_హనుమకొండ
మె గూస్త కూడా అంతే కదా. ఇంగ్లీషు వాళ్ళు దీంతో నానా తంటాలు పడతారు, మనకి 'నాకు నచ్చింది' పుట్టుకతో వచ్చిందే. మె గుస్తో ఎల్ లీబ్రొ, నాకు పుస్తకం నచ్చింది. మె గుస్తారొన్ లొస్ మాంగొస్, నాకు మామిడిపళ్ళు నచ్చాయి. ఒకటైతే నచ్చింది, పది అయితే నచ్చాయి, అక్కడా అంతే ఇక్కడా అంతే. లె ద్వేలె ల కవేస, ఆయనకి తల నొప్పి. మన కి ఉన్నచోట లె, మన ని ఉన్నచోట లొ. సూత్రం అయిపోయింది, ఇంక దిగులెందుకు?

మాడ్రిడ్‌లో_మేడ్చల్
హనుమకొండ బ్రదర్, ఆ ఆఖరి వాక్యం దగ్గర ఆగు. కి అంటే లె, ని అంటే లొ అన్న సూత్రాన్ని నమ్ముకుని నేను ఏడాది పాటు తప్పులు మాట్లాడా. మాడ్రిడ్‌లో మాస్టర్స్ చేస్తున్నా, రూమ్మేట్లు ముగ్గురూ ఇక్కడివాళ్ళే. వాళ్ళు సరిదిద్దినవి ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నా. కొన్ని చూడండి.

మనం 'అతన్ని అడిగా' అంటాం. వాళ్ళు లె ప్రెగుంతే, అంటే 'అతనికి' అడిగా. మనం 'ఆమెని నమ్ముతున్నా' అంటాం, వాళ్ళకి లె క్రేయొ, ఆమెకి నమ్ముతున్నా. మనం 'వాణ్ణి కొట్టాడు' అంటాం, వాళ్ళకి లె పెగో, వాడికి. ఇక తిరగేసి చూస్తే, మనం 'ఆమెకి సాయం చేశా' అంటాం, వాళ్ళు ల అయుదే, ఆమెని. మనం 'అమ్మకి ఫోన్ చేశా' అంటాం, వాళ్ళు ల యామే, అమ్మని పిలిచినట్టు. మనం 'అతని కోసం ఎదురుచూస్తున్నా', వాళ్ళు లొ ఎస్పేరొ, అతన్నే.

అది కాక మనం కి పెట్టే కొన్ని వాక్యాల్లో వాళ్ళకి ఈ మాటే ఉండదు. 'నాకు తెలుసు' అంటే లొ సే, 'నేను దాన్ని ఎరుగుదును' అన్నట్టు. 'నాకు ఆకలేస్తోంది' అంటే తేంగొ ఆంబ్రె, నా దగ్గర ఆకలి ఉంది. 'నాకు నీళ్ళు కావాలి' అంటే క్యేరొ ఆగ్వ. వచ్చిన కొత్తలో వీటన్నింటికీ ముందు మె తగిలించేవాణ్ణి.

తెలుగు వద్దని కాదు నేననేది. వరసకి తెలుగు బాగా పనికొస్తుంది, ఆస్టిన్ బామ్మగారి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. ఏ క్రియకి లె, ఏ క్రియకి లొ అన్నది మాత్రం ఆ క్రియతో పాటే నేర్చుకోవాలి, అడ్డదారి లేదు.

హోలా_హనుమకొండ
ఒప్పుకుంటున్నా అన్నా. ఆ నోట్‌బుక్ ఫోటో పెట్టవా?

మాడ్రిడ్‌లో_మేడ్చల్
చేతిరాత చదవలేవురా తమ్ముడూ. టైపు చేసి పెడతా ఆదివారం.

పంతులమ్మ_తార్నాక
మేడ్చల్ బాబు చెప్పింది సరైన మాట. నేను ప్రెగుంతార్ ఒక్కటే నేర్పను, ప్రెగుంతార్-లె అని జంటగా నేర్పిస్తాను. యామార్-లొ, అయుదార్-లొ, క్రెయేర్-లె. మనం చిన్నప్పుడు ఎక్కాలు పాడినట్టు.

ఇంకొక దగ్గర మాత్రం తెలుగు వాళ్ళకి మంచి వరం ఉంది, అదీ చెప్పాలి. 'తమ్ముణ్ణి వెతుకుతున్నా' అంటాం, 'తాళంచెవి వెతుకుతున్నా' అంటాం. మనిషికి ని తప్పనిసరి, వస్తువుకి లేకపోయినా నడుస్తుంది. స్పానిష్‌లో బూస్కొ అ మి ఎర్మానొ, బూస్కొ మి యావె. మనిషి వస్తేనే ఆ అ వస్తుంది. మన ని లాంటిదే అని ఒక్క ముక్క చెప్తే చాలు, పిల్లలు మళ్ళీ అడగరు.

హ్యూస్టన్_నర్సు
నైట్ డ్యూటీ దిగి ఇప్పుడే చూశా, కొంచెం పెద్దగా రాస్తా.

మా వార్డులో సగం మంది స్పానిష్ మాట్లాడేవాళ్ళే. వైద్యం సంగతులకి ఇంటర్‌ప్రెటర్ ఉండాల్సిందే, ఆ విషయంలో నేను సొంత స్పానిష్ వాడను. కానీ నీళ్ళు కావాలా, దుప్పటి కప్పనా, దిండు ఎత్తు చెయ్యనా అనేవి మనమే మాట్లాడుకోవాలిగా. నాకు ఈ మాటలు వచ్చింది పట్టికలతో కాదు, ఒక పెద్దావిడ ఉంగరంతో.

ఆపరేషన్‌కి ముందు నగలన్నీ తీయించాలి. ఆవిడ వేలికి పెళ్ళి ఉంగరం, వేలు ఉబ్బి గట్టిగా పట్టేసింది. నా వంక చూసి "మె లొ కీతొ?" అంది, తీసెయ్యనా అని. నాకు తెలిసిందల్లా కీతార్ అంటే తీయడం. "సీ, కీతె" అన్నా. ఆవిడకి అర్థం కాలేదు, చేతికున్న బ్యాండు చూపించింది, దుప్పటి చూపించింది, ఏది తీయమంటావని. వాళ్ళమ్మాయి పక్కనే ఉంది. నెమ్మదిగా "కీతెసెలొ, మామా" అంది. అప్పుడు సబ్బు నీళ్ళు తెచ్చి నేనూ ఆ అమ్మాయీ కలిసి తీశాం. చేతిలో ఉంగరం పట్టుకుని ఆవిడ మళ్ళీ నన్నే చూస్తోంది, ఎవరికివ్వను అన్నట్టు. నేను ఆ అమ్మాయి అన్న మాటనే అచ్చు పోసి "దేసెలొ అ సు ఈహ" అన్నా. మీ అమ్మాయికి ఇవ్వండి అని. ఆవిడ నవ్వి ఇచ్చింది.

కీతెసెలొ, దేసెలొ. ఆ రెండు మాటలు ఆ ఉంగరంతో పాటు నాకు ఉండిపోయాయి. అందులో ఏది సె, ఏది లొ అని నేను ఆ రోజు ఆలోచించలేదు. ఇంటికెళ్ళాక వేరే వస్తువులు పెట్టి చూసుకున్నా. గాజులైతే కీతెసెలస్, చొక్కా అయితే కీతెసెల. ముద్దగా నేర్చుకుని తర్వాత విప్పి చూసుకోవడమే నా పద్ధతి. గోపీ, మీ దగ్గర కూడా ఒకటుంది ఇప్పుడు, సె లస్ ది. ఇంటావిడ భుజం మీద చెయ్యేసి చెప్పిన మాట మర్చిపోతారా ఎప్పటికైనా?

గ్వాదలహారా_గోపి
మర్చిపోను అక్కా. రాస్తుంటే కూడా ఆవిడ గొంతే వినిపిస్తోంది.

తెనాలి_తేజ
అక్కా, కీతెసెలొ లో చివర అతికించారు. సె లస్ ది లో ముందు పెట్టారు. ఎప్పుడు ముందు, ఎప్పుడు వెనక?

హోలా_హనుమకొండ
నేను చెప్తా, తప్పుంటే టీచర్ గారు దిద్దుతారు. మామూలు క్రియకి ముందు: తె లొ మాందొ. చెయ్యి అని చెప్పేటప్పుడు వెనక అతుకు: దామెలొ, నాకు ఇచ్చెయ్. వద్దు అనేటప్పుడు మళ్ళీ ముందుకి: నొ మె లొ దెస్. చెయ్యడం, చేస్తూ లాంటి రూపాలకి వెనక: ఎస్ప్లికార్మెలొ, నాకు అది వివరించడం; దాందొమెలొ, నాకు అది ఇస్తూ. రెండు క్రియలు కలిసొస్తే ఇష్టం మనది: నాకు అది వివరించగలవా అనడానికి మె లొ ప్వేదెస్ ఎస్ప్లికార్ అన్నా, ప్వేదెస్ ఎస్ప్లికార్మెలొ అన్నా ఒకటే. కానీ మధ్యలో ఇరికించకూడదు. ప్వేదెస్ మె లొ ఎస్ప్లికార్ తప్పు.

పంతులమ్మ_తార్నాక
దిద్దడానికేం లేదు. ఒక్కటి కలుపుతా. "చూశాను" అనే లొ ఎ వీస్తొ లో లొ ఎప్పుడూ ఎ కంటే ముందే. ఎ కి వీస్తొ కి మధ్య ఏమీ దూరదు, వీస్తొ కి వెనకా అతకదు. తేజా, పరీక్షలో కంగారుగా ఉంటే రెండు క్రియల వాక్యాల్లో అన్నిసార్లూ ముందే పెట్టుకో. లొ క్యేరొ వేర్, దాన్ని చూడాలనుంది. మె లొ ప్వేదెస్ దార్, నాకు అది ఇవ్వగలవా. మన వరస కాబట్టి తడబడవు. చెయ్యి అనే ఆజ్ఞల్లోనూ, ఒంటరిగా వచ్చే చెయ్యడం, చేస్తూ రూపాల్లోనూ మాత్రమే వెనక్కి వెళ్ళాలని గుర్తుంటే చాలు.

ఆస్టిన్_నాన్న
దామెలొ అంటుంటే మన 'ఇచ్చెయ్యమన్నాడు' గుర్తొస్తోంది. ఇంత చిన్న నోట్లో ఎన్ని మాటలు కుక్కామో మనం కూడా.

విశాఖ_వాసు
ఇక్కడ తెలుగు లిపిలో రాస్తుంటే స్పానిష్ ఎంత ముద్దుగా ఉందో చూశారా. త, ద మన త, ద లే, ఇంగ్లీషు ట, డ కాదు. పొట్టి ఎ, పొట్టి ఒ మనకున్నాయి. మా మేనల్లుడికి నేను తెలుగులోనే రాసి చదివిస్తా, ఉచ్చారణ బాగా దిగింది.

హ్యూస్టన్_నర్సు
నేనూ అంతే వాసు గారూ! నొక్కి పలకాల్సిన చోట దీర్ఘం పెడతా, అంతే. మాందొ అంటే పంపుతున్నా, మందో అంటే పంపాడు. ఆ దీర్ఘం తప్పితే మనిషే మారిపోతాడు.

గ్వాదలహారా_గోపి
ఇంకో సందేహం. సె లస్ ది అన్నా సరే, ఆ సె ఎవరు? అతనికా, ఆమెకా, మీకా, వాళ్ళకా? అన్నింటికీ సె నే కదా. నిన్న ఆఫీసులో ఒక ఫైలు గురించి "యా సె లొ మందే" అన్నా, పంపేశానని. ఎదురుగా మేనేజరు, పక్కన క్లయింటు ఆవిడ. ఇద్దరూ నాకు పంపలేదే అన్నట్టు మొహాలు చూసుకున్నారు. నేను పంపింది మూడో మనిషికి.

మాడ్రిడ్‌లో_మేడ్చల్
చివర్న మనిషిని కలుపు. సె లొ మందే అ ఉస్తేద్, మీకు. సె లొ మందే అ ఎయ్య, ఆమెకి. రెండుసార్లు చెప్పినట్టుందే అని మొహమాటపడకు, వాళ్ళు రోజూ అలాగే మాట్లాడతారు. పేరున్నా సరే లె వదలరు: లె ది ఎల్ లీబ్రొ అ హ్వాన్. హ్వాన్ ఉన్నాడుగా, ఇంక లె ఎందుకు అనిపిస్తుంది మనకి. ఉండాలంతే, లేకపోతే చెవికి వెలితిగా ఉంటుందంటారు.

పంతులమ్మ_తార్నాక
ఒకటి గమనించండి గోపీ. మీ ఓనరమ్మతో మీరు మొదట అన్న వాక్యంలో అల్ సెన్యోర్ అని మనిషిని కలిపారు, లె కూడా పెట్టారు. అది చాలామందికి రాదు. ఒక్క లస్ మాత్రమే తక్కువైంది.

గ్వాదలహారా_గోపి
థాంక్యూ టీచర్ గారూ, ఆ మాట అన్నందుకు ప్రాణం లేచొచ్చింది.

రొసారియొ_రాజు
మెక్సికో, మాడ్రిడ్ వాళ్ళే మాట్లాడుతున్నారు, అర్జెంటీనా సంగతి కూడా వినండి. ఇక్కడ 'నువ్వు' అనడానికి తూ ఉండదు, వోస్. చెప్పు నాకు అనడానికి దీమెలొ అనరు, దెసీమెలొ అంటారు. కానీ వోస్‌కి జతగా వచ్చేది మళ్ళీ తె నే. వోస్ తె లొ కొంప్రాస్తె, నువ్వు నీకోసం కొనుక్కున్నావు. వచ్చిన మొదటి వారం ఈ వోస్, తె పక్కపక్కన వింటే తల తిరిగింది. రెండో నెలకి అలవాటైపోయింది.

మాడ్రిడ్‌లో_మేడ్చల్
రాజు అన్నా, మా ఊరి గోల ఇంకా పెద్దది. గోపి పుస్తకంలో మగమనిషిని చూస్తే లొ వీ అని ఉంటుంది. ఇక్కడ లె వీ అంటారు. మా ప్రొఫెసర్ కూడా అంటారు. మొదట్లో పుస్తకం తప్పా, ప్రొఫెసర్ తప్పా అని బుర్ర బద్దలు కొట్టుకున్నా.

పంతులమ్మ_తార్నాక
రెండూ తప్పు కాదు బాబూ. దాన్ని లెయీస్మొ అంటారు. 1713 లో పెట్టిన రియల్ అకాడెమియా ఎస్పన్యోల కూడా ఒక్క మగమనిషి విషయంలో లె వాడితే ఒప్పుకుంటుంది. వస్తువుకి మాత్రం ఒప్పుకోదు. మాడ్రిడ్ చుట్టుపక్కల ఇంకోటి కూడా వింటావు, ఆడమనిషికి చెప్పా అనడానికి లె దీహె బదులు ల దీహె. అది లయీస్మొ. ఊళ్ళో వాళ్ళు అంటారు కానీ పరీక్షలో రాస్తే తప్పే. విని అర్థం చేసుకో, నువ్వు మాత్రం రాయకు.

తెనాలి_తేజ
మరి నేను ఏ ఊరి స్పానిష్ మాట్లాడాలి టీచర్ గారూ? ఒకరు లె, ఒకరు లొ, ఒకరు వోస్.

పంతులమ్మ_తార్నాక
ఏ ఊరిదైనా ఫర్వాలేదు, మధ్యలో మార్చకు. గోదారి యాసా తెలంగాణ యాసా ఒకే వాక్యంలో కలపం కదా.

రొసారియొ_రాజు
మా పెళ్ళి తర్వాత మా ఇంట్లో రోజూ కలుస్తున్నాయి టీచర్ గారూ. నేను కోనసీమ, ఆవిడ నిజామాబాద్. 😀

గ్వాదలహారా_గోపి
ఇక్కడ ఇంకో వింత. టీమంతటికీ చెప్పేటప్పుడు మా మేనేజరు "యా సె లొస్ దీహె" అంటాడు, మీకు అది ముందే చెప్పా అని. చెప్పింది ఒక్క విషయం, మరి లొస్ ఎందుకు?

మాడ్రిడ్‌లో_మేడ్చల్
ఇక్కడైతే యా ఒస్ లొ దీహె అంటారు, 'మీకందరికీ' అనే ఒస్ తోనే మీరంతా అని తెలిసిపోతుంది. అక్కడ సె కదా. సె కి బహువచనం లేదు. వినేవాళ్ళు పదిమంది ఉన్నారని చెప్పే దారి లేక ఆ స్ ని తీసుకెళ్ళి లొ కి తగిలించారు. అమెరికా ఖండపు దేశాల్లో బాగా చదువుకున్నవాళ్ళు కూడా అలాగే అంటారు. పుస్తకాలు వద్దంటాయి.

విశాఖ_వాసు
ఇది నాకు భలే నచ్చింది. మనిషికి రావాల్సిన బహువచనం వస్తువు నెత్తిన పెట్టుకుని తిరుగుతోంది.

కాకినాడ_సీత
ఆలస్యంగా వచ్చా, కానీ నాకు బాగా ఇష్టమైనదాని గురించి ఎవరూ ఎత్తలేదు. సె మె కయో ఎల్ ప్లాతొ. పళ్ళెం పడేశాను కాదు, పళ్ళెం నా చెయ్యి జారింది. సె మె ఒల్విదో, మరుపున పడింది. మేము బార్సెలోనాలో ఉన్నప్పుడు మా బాబుకి నాలుగేళ్ళు, బడి నుంచి వచ్చి గ్లాసు పగలగొట్టి సె మె కయో, సె మె కయో అని ఏడ్చాడు. కొట్టడానికి లేచిన చెయ్యి దిగిపోయింది. ఇంగ్లీషులో 'ఐ డ్రాప్డ్ ఇట్' అని తప్పు నెత్తిన వేసుకోవాలి. మనమూ 'పగిలిపోయిందమ్మా' అనే కదా అంటాం, 'పగలగొట్టా' అనం. ఆ సె పనులు తమంతట జరిగిపోయాయని చెప్తుంది, మె ఎవరికి జరిగిందో చెప్తుంది. తెలుగు పిల్లలకి ఇది నేర్పక్కర్లేదు, గుర్తు చేస్తే చాలు.

ఆస్టిన్_నాన్న
సీత గారూ, ఇది రేపు మా అమ్మాయికి చెప్తా. హోంవర్క్ గురించి ఎలా వాడుతుందో కూడా నాకు తెలుసు.

హోలా_హనుమకొండ
గోపన్నా, ఒక పద్ధతి చెప్తా, నాకు పనిచేసింది. ఎవరైనా ప్రశ్న అడిగితే అందులోని వస్తువుని పట్టుకుని జవాబు లొ తోనో ల తోనో మొదలుపెట్టు. క్రియ కంటే ముందు అదే నోట్లోంచి రావాలి. తియ్యేనెస్ ఎల్ బొలేతొ (టికెట్ ఉందా)? లొ తేంగొ. వీస్తె ల నోత (ఆ చీటీ చూశావా)? ల వీ. పొద్దున్నే అద్దం ముందు ఇరవై. రెండు వారాలు చాలు.

హ్యూస్టన్_నర్సు
అద్దం ముందు కంటే మనిషి ముందు మేలు తమ్ముడూ. అద్దం కే లె దియో అని తిరిగి అడగదు.

మాడ్రిడ్‌లో_మేడ్చల్
నాకైతే రెండూ కావాల్సొచ్చాయి. ఒంటరిగా నూరకుండా నేరుగా జనంలోకి వెళ్తే మూడు నెలలు ఒకే తప్పు గట్టిపడిపోయింది, ఎవరూ దిద్దలేదు పాపం మర్యాద కొద్దీ.

గ్వాదలహారా_గోపి
పది రోజుల తర్వాత వచ్చా. హనుమకొండ తమ్ముడు చెప్పినట్టు పొద్దున, నర్సక్క చెప్పినట్టు సాయంత్రం ఓనరమ్మతో. ఆవిడకి విషయం చెప్పేశా, తప్పు మాట్లాడితే దిద్దండి అని. ఆవిడకి అది పెద్ద సరదా అయిపోయింది. చేతికి దొరికినదల్లా చూపించి అడుగుతోంది, ఇది ఎవరిచ్చారు, ఎవరికిచ్చావు అని.

నిన్న మా అమ్మ పంపిన ఆవకాయ వచ్చింది. చిన్న సీసాలో పెట్టి కిందకి తీసుకెళ్ళా. ఆవిడ చేతిలో పిండి ఉంది, రొట్టెలు చేస్తోంది. "సె లొ దేహొ అకీ?" అన్నా, ఇక్కడ పెట్టెయ్యనా మీకు అని. "దేహమెలొ ఎన్ ల మేస" అంది, బల్ల మీద పెట్టెయ్ అని. మెట్లెక్కుతుంటే తట్టింది, సె లొ అనడానికి నేనేం లెక్క వేసుకోలేదు. అదే వచ్చేసింది.

పంతులమ్మ_తార్నాక
అద్భుతం గోపీ. సీసా కాబట్టి లొ, ఎల్ ఫ్రాస్కొ. సరిగ్గా అన్నారు.

తెనాలి_తేజ
సీసా లొ సరే. ఆవకాయ లొ నా, ల నా?

హ్యూస్టన్_నర్సు
మామిడికాయ కదా, ఎల్ మాంగొ, లొ.

మాడ్రిడ్‌లో_మేడ్చల్
ఊరగాయ అంటే వాళ్ళ లెక్కలో సాల్స, ల.

గ్వాదలహారా_గోపి
ఇవాళ పొద్దున ఆవిడ టిఫిన్ దగ్గర చెయ్యి చాపి "పాసమెల" అంది, అది ఇటు అందించు అని. మా ఇంట్లో ఇంక ల నే.